చుక్కాని మేకు

కేసు గెలిచామన్నారు. కొండకిందపేట కుర్రాళ్లు టపాసులు కాల్చారు.

వలలు అల్లే షెడ్డులో మత్స్యశాఖ వాళ్లు కట్టిన తెల్లటి తెర మీద, ఎక్కడో చలిదేశంలో, నల్లగౌన్ల జడ్జీలు వరసగా లేచి వరసగా లోపలికి వెళ్లిపోతున్నారు. ఒక్కడూ ఇటు తిరిగి చూడలేదు. చూడ్డానికి వాళ్ల దగ్గర మన తెర లేదుగా! మనం వాళ్లని చూడాలి, వాళ్లు మనల్ని చూడక్కర్లేదు. దేశాల కోర్టంటే అదీ.

ముందు వరసలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న ఈశ్వరి చేతిలో ఎవరో లడ్డూ పెట్టారు. ఆమె దాన్ని తినలేదు, కింద పెట్టలేదు. పిడికిట్లో అలా పట్టుకునే అడిగింది.

"ఔనన్నాడా?"

మత్స్యశాఖ నుంచి వచ్చిన యశస్విని మేడమ్‌కి అర్థం కాలేదు. "ఎవరమ్మా?"

"ఇంకెవుడు, ఆ కేప్టెన్. ఔను, నానే గుద్దీసేను అన్నాడా, అన్నేదా?"

"కేప్టెన్ ఆ కోర్టుకి రాడమ్మా. అక్కడ మనుషులు మాట్లాడరు. దేశాలు మాట్లాడతాయి."

"దేశానికి నోరుంటాదేటి?" అంది వెనక నుంచి ఒక ముసలామె. షెడ్డంతా నవ్వింది. ఈశ్వరి నవ్వలేదు.

ఆమెకి ఆ ఒక్క "ఔను" ఎందుకంత కావాలో తెలియాలంటే షెడ్డు మధ్యనున్న రాట చూడాలి. పాత ఓడ కలపతో పాతిన లావుపాటి రాట. దానికి తల ఎత్తున బొటనవేలంత ఇనప మేకు. చుక్కాని మేకు అంటారు. సముద్రం మీద ఒకడి బోటు ఇంకొకడి బోటుని గుద్దినా, ఒకడి వల ఇంకొకడు కోసినా పేటలో ముందు చేసే పని ఒక్కటే. తప్పు మోపిన బోటు చుక్కాని ఊడదీసి ఆ మేక్కి తగిలిస్తారు. మాటలన్నీ తర్వాత. చుక్కాని లేని బోటు ఎక్కడికి పారిపోతుంది? ఇప్పుడన్నీ ఫైబర్ బోట్లు కదా, చుక్కానులు పోయాయి, పొడుగు కడ్డీ ఇంజన్లు వచ్చాయి. అందుకని కడ్డీ చివర నీళ్లలో తిరిగే ఫేను విప్పి తగిలిస్తున్నారు. పేరు మాత్రం చుక్కానే.

తగిలించాక నష్టపోయినవాళ్లు రాట ముందు నిలబడి "చుక్కాని అందింది" అనాలి. ఆ మాట అన్నాక అవతలివాడి మీద చెయ్యెత్తకూడదు, వాడి బోటుని ముట్టుకోకూడదు. తీర్పు రోజున తప్పు చేసినవాడు అదే రాట కింద నిలబడాలి. నష్టపోయినవాళ్లు దెబ్బ తిన్నది ఎవరో పేరు పెట్టి, జరిగిందంతా వాడి మొహమ్మీదే చెబుతారు. వాడు "ఔను" అనాలి. అన్నాకే శిక్ష. శిక్ష కూడా అయ్యాక, నష్టపోయినవాళ్లే తమ చేత్తో మేకు మీంచి చుక్కాని తీసి వాడికివ్వాలి. అప్పటికి గానీ గొడవ తీరినట్టు కాదు.

పేట న్యాయం బంగారమని ఎవడూ అనడం లేదు. పెద్దలు కూర్చున్నప్పుడు ఆ షెడ్డులో ఆడదానికి పీట లేదు. పెద్దల బావమరిది బోటు తప్పు చేస్తే మేకు కాస్త వదులైపోయేది. అదంతా నిజమే. కానీ ఆ న్యాయానికో చెయ్యి ఉంది. చెయ్యి లేని న్యాయం ఎంత పెద్ద భవనంలో కూర్చుంటే మాత్రం ఏం లాభం?

అప్పలరాజు ఈశ్వరి తమ్ముడు. తల్లి పోయాక, ఎండు చేపల గంప నెత్తిన పెట్టుకుని విశాఖ వన్ టౌన్ సందులన్నీ తిరిగి వాణ్ణి పెంచింది ఆమే. నాలుగేళ్ల కిందట, తెల్లారే వేళ, ఫ్యాక్టరీలకి బొగ్గు తెస్తున్న ఒక విదేశీ ఓడ వాడి బోటు మీంచి వెళ్లిపోయింది. గుద్ది ఆగలేదు. వెనక్కి తిరగలేదు. బోటులో ఉన్న రెండోవాడు నూకాలు, డీజిల్ డబ్బా కౌగిలించుకుని తేలి బతికాడు. అప్పలరాజుని అలలు యారాడ ఒడ్డుకి తెచ్చి పడేశాయి. మరి ఓడ? అది తిన్నగా వచ్చి పోర్టు బయట లంగరేసుకుని, లోపలికెళ్లే వంతు కోసం బుద్ధిమంతుడిలా నిలబడింది. దాని మూతి మీద అప్పలరాజు బోటు నీలం రంగు చారలు అలాగే ఉన్నాయి.

పేట బోట్లన్నీ వెళ్లి దాన్ని చుట్టుముట్టాయి. కదలనివ్వలేదు. అప్పుడు, కదలకూడదని హైకోర్టు ఓడని అరెస్టు చేసింది. పోలీసులు కేప్టెన్ని పట్టుకున్నారు. వన్ టౌన్ లాయరు శ్రీరామ్మూర్తి ఆ ఉత్తర్వు నకలు పట్టుకుని పరుగున వచ్చాడు. పేట పెద్ద ఎల్లారావు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఓడ సుక్కాని ఇప్పడం మన తరం కాదు. ఈ కాయితమే సుక్కాని" అని ప్లాస్టిక్ కవర్లో పెట్టి మేక్కి తగిలించాడు. ఈశ్వరిని పిలిచాడు. తమ్ముణ్ణి మట్టిలో పెట్టి వచ్చిన చేతులతోనే ఆమె రాట ముందు నిలబడి అంది, "సుక్కాని అందింది." బోట్లు వెనక్కి వచ్చేశాయి.

ఇలాంటి తప్పు కొండకిందపేటోళ్లు తప్ప ఇంకెవరూ చెయ్యరు. మేక్కి తగిలించిన దాన్ని తీర్పు కాకుండా ఎవడూ తియ్యడని వాళ్ల నమ్మకం. ప్రపంచమంతా అలాగే ఉంటుందనుకున్నారు, వెర్రోళ్లు.

ఆ ఓడ మీద ఎగిరే జెండా పసిఫిక్ సముద్రంలో చుక్కంత దేశానిది. ఓడ ఏనాడూ ఆ దేశం మొహం చూసి ఎరగదు. ఓడలో పనిచేసేవాళ్లలో ఆ దేశంవాడు ఒక్కడు లేడు. అయినా జెండా వాళ్లది కాబట్టి ఆ దేశం దేశాల కోర్టుకెక్కింది. గుద్దింది నడిసముద్రంలో, మా ఓడని మీరెలా పట్టుకుంటారని. కోర్టు ముందుగా చెప్పిన మాట ఏమిటయ్యా అంటే, వాదనలు నిదానంగా వింటాం, ఈలోగా ఓడని వదలండి, కేప్టెన్ని వదలండి, మీ దేశంలో కేసులన్నీ ఆపండి, తామే విచారిస్తామని ఆ దేశం హామీ ఇచ్చింది కదా అని. కాగితం మేకు మీదే ఉంది. ఓడ మాత్రం మర్నాటికల్లా డాల్ఫిన్ నోస్ కొండ దాటిపోయింది.

కుర్రాళ్లు బోట్లు నీళ్లలోకి తోస్తుంటే అడ్డం నిలబడింది ఈశ్వరే. "మాటిచ్చీసేను. తీర్పు దాకా ఎవుడూ సెయ్యెత్తకూడదు." ఆ మాట మీదే ఇన్నేళ్లూ కూర్చుంది. ఇవాళ తీర్పొచ్చింది.

శ్రీరామ్మూర్తి కుర్చీ ఆమె పక్కకి లాక్కున్నాడు. చెడ్డవాడు కాదు. విజయనగరం వైపు రైతు కుటుంబం నుంచి వచ్చినవాడు, ఫీజు అడక్కుండా ఈ కేసు వెనక తిరిగినవాడు. "ఈశ్వరమ్మా, గుద్దాక ఓడ ఆగకపోవడం తప్పన్నారు. ఆ దేశం విచారణ చెయ్యకపోవడం తప్పన్నారు. ఇది చిన్న విషయం కాదు తల్లీ."

"మరి ఆ కేప్టెన్‌కి శిచ్చ?"

"అదీ... నడిసముద్రంలో ఓడ గుద్దితే కేప్టెన్ని విచారించే హక్కు ఆ జెండా దేశానిదే అన్నారు."

"విచారించనందుకు తప్పు పట్టి, మల్లీ ఆల్లనే విచారించమన్నారా?"

లాయరు తీర్పు కాగితం యశస్విని మేడమ్ వైపు జరిపాడు.

"మరి మనకేటిచ్చేరు?"

యశస్విని మేడమ్ కాగితం చూసి చదివింది. "తప్పు జరిగిందని కోర్టు ప్రకటించడమే ఇండియాకి తగిన సంతృప్తి అని రాశారమ్మా. చట్టంలో దాన్ని అలాగే అంటారు, సంతృప్తి అని."

"ఎవులికి సంతృప్తి?"

"దేశానికి."

"దేశం ఏటి పోగొట్టుకుందమ్మా? దేశం గంపెత్తి పెంచిందా ఆణ్ణి?" ఈశ్వరి గొంతు పైకి లేవలేదు. దానికే భయం వేసింది మేడమ్‌కి. "ఇంతసేపు సదివేరు గదా ఆ జడ్జీలు. నా తమ్ముడి పేరు ఎన్నిసార్లు సదివేరు?"

శ్రీరామ్మూర్తి తల దించుకున్నాడు. "పేరు చదవలేదమ్మా. 'ఆ సంఘటన' అని చదివారు."

పిడికిట్లో లడ్డూ పొడైపోయింది. వేళ్ల సందుల్లోంచి నేల మీదకి రాలింది.

"అమ్మా, ఒక్క మాట విను." లాయరు మెత్తగా అన్నాడు. "ఈ కోర్టే లేకపోతే ఆ పాటి మాట కూడా ఎవడూ అనేవాడు కాదు. ఎంత పెద్ద దేశమైనా, ఎంత చిన్న దేశమైనా వచ్చి నిలబడి జవాబు చెప్పాలి. రేపు ఇంకో ఓడ ఇంకో బోటుని గుద్దితే, ఈ తీర్పుకి జడిసి ఆగుతుంది."

"రేపటోడు బతుకుతాడు. మంచిదే బాబూ, బతకనీ." ఆమె లేచింది. "నిన్నటోడి సంగతి నానడుగుతన్నాను."

*

తీర్పు వచ్చిన వారం తిరక్కుండానే నూకాలు వేట నుంచి తిన్నగా ఈశ్వరి చేపలు ఆరబెట్టే చోటికి వచ్చాడు. బోటు ఒడ్డుకి లాగకుండానే వచ్చాడు. ఒంటి మీద నీళ్లు కారుతున్నాయి.

"అప్పా," అన్నాడు, సొంత అక్కని పిలిచినట్టే. "అదొచ్చింది."

"ఏదొచ్చింది?"

"అదే. రాజుగాణ్ణి తిన్నాది. బయట లంగరేసుకుని ఉంది. పేరు మార్చీసేరు. పాత పేరు మీద రంగు కొట్టి కొత్త పేరు రాసేరు గాని, పాత అచ్చరాలు ఇనుముతో పోసినవి కదా, రంగు కింద ఉబ్బెత్తుగా కనపడతన్నాయి. ఎండ పక్కనించి పడితే సదవొచ్చు."

ఈశ్వరి చేతిలో చేపని తడక మీద పరిచింది. ఇంకోటి తీసింది. అదీ పరిచింది. మూడోది తీయలేదు.

"జెండా?"

"జెండా కూడా మారిపోనాది. ఈసారి ఇంకేదో దేశం."

ఆమె గంప అక్కడే వదిలేసి ఆటో ఎక్కింది. వన్ టౌన్‌లో శ్రీరామ్మూర్తి కంప్యూటర్లో వెతికాడు. ఓడలకి పుట్టుకతో ఒక నెంబరుంటుందట, పేరు మార్చినా అది మారదట. సరిపోయింది. అదే ఓడ. లాయరు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"అదే ఓడమ్మా. కానీ ఇప్పుడు ఓనరు వేరు. జెండా వేరు. తీర్పు ఆ పాత దేశం మీద వచ్చింది గానీ ఓడ మీద కాదు. ఓడని పట్టుకునే హక్కు ఏడాదిలోగా వాడుకోవాలి, తర్వాత పోతుంది."

"ఏడాదిలోగా పట్టుకున్నాం గదా? మీరే కదా కాయితం తెచ్చేరు?"

"దేశాల కోర్టు ఆపమంటే వదిలేశాం. కేసు ఆపేశాం. ఇప్పుడు మళ్లీ మొదలెట్టాలంటే..." అతను చేతులు విప్పి చూపించాడు. "వేస్తాను. హైకోర్టులో పిటిషన్ వేస్తాను. విచారణకి వచ్చేసరికి ఓడ బొగ్గు దించుకుని వెళ్లిపోతుంది. అబద్ధం చెప్పలేను."

"అబద్దం సెప్పనందుకు మంచిది బాబూ" అంది ఈశ్వరి. దొంగ చొక్కా మార్చుకుంటే చాలు, కొత్త మనిషైపోతాడు. చచ్చినవాడు మాత్రం ఏ చొక్కా తొడిగినా లేవడు. ఇది ఏ చట్టంరా బాబూ అని ఆమె ఎవరినీ అడగలేదు. ఆటో ఎక్కి పేటకి వచ్చేసింది.

*

సాయంత్రం షెడ్డులో పెద్దలు కూర్చున్నారు. ఆడవాళ్లు ఎప్పటిలాగే బయట, వలల కుప్పల మీద. నూకాలు లేచి చెప్పాడు. "రేపు పొద్దున్న ఓడ లోపలికొత్తాది. పోర్టులో సుట్టం ఉన్నాడు, ఆడు సెప్పేడు. బోట్లు తీసి ఛానల్‌కి అడ్డం పెడదాం."

ఎల్లారావు తల అడ్డంగా ఊపాడు. మనిషి ముసలివాడయ్యాడు గానీ గొంతు ఇంకా అల దాటి వినిపిస్తుంది. "తీర్పు ఒచ్చీసింది. మనం గెలిచేం. తీర్పయ్యాక సెయ్యెత్తితే ఆడు దొంగ కాడు, మనం దొంగలం. మన తాతల కాణ్ణించీ ఉన్న కట్టుబాటిది. ఈయేళ నీ కోసం తప్పమంటావేట్రా?"

"గెలిచేం, గెలిచేం! ఏటి గెలిచేం మావా? లడ్డూలు గెలిచేం!"

"నోరుముయ్యరా."

అప్పుడు ఈశ్వరి వలల కుప్ప మీంచి లేచింది. షెడ్డు గడప దాటి లోపలికి వచ్చింది. మగవాళ్లలో గొణుగుడు లేచింది. ఎవరో "ఒలే, బయటికెల్లే" అన్నారు. ఆమె తిన్నగా రాట దగ్గరికి నడిచింది. మేకు మీద ఆ ప్లాస్టిక్ కవరు ఇంకా వేలాడుతోంది. ఉప్పుగాలికి కవరు పసుపు పచ్చబడి పెళుసెక్కింది. లోపలి కాగితం అక్షరాలు వెలిసిపోయి మరక మిగిలింది.

"మావా, ఇది ఎవులు తియ్యాల?"

ఎల్లారావు మేకు వైపు చూశాడు.

"కట్టుబాటు నీకే బాగా తెలుసు గదా. సెప్పు. తీర్పయ్యాక సుక్కాని ఎవులు తీసి ఇయ్యాల?"

"నష్టపోనోల్లు."

"ఎవులి సేత్తో?"

"ఆల్ల సేత్తోనే."

"నా సేత్తో ఇచ్చేనా? ఆడొచ్చి ఈ రాట కింద నిల్సున్నాడా? నాను అప్పలరాజు పేరు సెప్పి, నువ్వు ఈణ్ణి సంపీసి ఆక్కుండా ఎలిపోనావు అంటే, ఔనన్నాడా? సుక్కాని ఇంకా మేక్కే ఉంది మావా. నాను తియ్యనేదు. తీర్పెక్కడయ్యింది?"

"అమ్మీ, అది కాయితమే. ఓడ సుక్కాని మనకి ఎప్పుడందిందే, నువ్వు తిరిగిచ్చీడానికి?"

ఆ మాట నోట్లోంచి వచ్చాక ముసలాయనకే తెలిసింది తాను ఏమన్నాడో. ఈశ్వరి ఒక్కసారి ఆయన కళ్లలోకి చూసింది.

"అందనప్పుడు, అందిందని నాసేత ఎందుకు అనిపించేవు?"

ఎల్లారావు కండువా దులిపి భుజాన వేసుకున్నాడు. వద్దనలేదు, వెళ్లమనలేదు. లేచి ఎవరి వైపూ చూడకుండా ఇంటికి నడిచాడు. పెద్దలు ఒకరి తర్వాత ఒకరు ఆయన వెనకే పోయారు. పెద్దోడి మాట లేకుండా బోటు తియ్యడానికి సగం పేట జడిసింది. మిగతా సగం నూకాలు చుట్టూ చేరింది.

*

పొద్దున్న ఒడ్డున నూకాలు బోటు తోస్తుంటే ఈశ్వరి చీర కుచ్చిళ్లు బిగించి వచ్చి బోటు అంచు పట్టుకుంది. ఆ పేటలో ఆడది బోటెక్కదు. ఎక్కితే చేప పడదంటారు.

నూకాలు ఒక్క క్షణం తటపటాయించాడు. తర్వాత పళ్లికిలించాడు. "ఎక్కప్పా. ఈయేళ సేపలకి కాదు గదా ఎల్తన్నాం. తిమింగలానికి!"

కొన్ని బోట్లే వెళ్లాయి. డాల్ఫిన్ నోస్ కొండ పక్కన, పోర్టులోకి దారి ఇరుకయ్యే చోట, అడ్డంగా నిలబడ్డాయి. దూరం నుంచి చూస్తే ఏనుగు దారిలో చీమల వరస. ఓడ రానే వచ్చింది. ముందు దారి చూపే పైలట్ బోటు, వెనక కొండంత నల్లటి గోడ. కూత వేసింది. మళ్లీ వేసింది. నీళ్లే కాదు, పక్కటెముకలు కూడా అదిరాయి. పైన రెయిలింగ్ దగ్గర నారింజ రంగు బట్టల్లో చిన్న చిన్న మనుషులు చేతులూపుతున్నారు, తప్పుకోండి తప్పుకోండి అని. పాపం వాళ్లు మాత్రం ఏం చేస్తారు, వాళ్లూ కూలి కోసం వచ్చినోళ్లే. వాళ్ల మీద కోపం లేదు ఈశ్వరికి. ఆమె ఓడ మూతిని చూసింది. కొత్త రంగు. నీలం చారలు లేవు. పేరు అక్షరాల కింద పాత పేరు మాత్రం పూడ్చిన శవంలా ఉబ్బెత్తుగా ఉంది.

ఓడ వేగం తగ్గింది. ఆగింది.

అంతే! ఆగిన మరుక్షణంలో గస్తీ బోటు దూసుకొచ్చింది. ఇనస్పెక్టరు మైకు పట్టుకున్నాడు. "ఇది అంతర్జాతీయ నౌక. దారికి అడ్డం పడటం నేరం. వెంటనే ఖాళీ చెయ్యండి. లేదంటే చట్టప్రకారం..."

"ఓలమ్మ! సట్టమొచ్చీసిందిరా!" ఈశ్వరి బోటులో లేచి నిలబడింది. బోటు ఊగినా తూలలేదు. "ఎంత బేగి ఒచ్చీసింది! రాజుగాడు నీల్లలో కొట్టుకుంతన్నప్పుడు ఏ దేశంలో ఉందిరా మీ సట్టం? నాలుగేల్లు దేశాలన్నీ తిరిగొచ్చి, నాకు సెయ్యి నేదంది. ఈయేళ మా మీద పడ్డానికి సెయ్యి మొలిసిందా?"

"అమ్మా, నాకు కోర్టుల సంగతి తెలీదు. పైనించి ఆర్డరు."

"ఆ పైనెవుడో ఆణ్ణే రమ్మను."

ఇనస్పెక్టరు మైకు దించాడు. మెల్లగా నూకాలు బోటు పక్కకి వచ్చాడు. పోలీసులు తాడు విసిరి బోటుని కట్టేశారు. "ముందు ఈ బోటు సీజ్ చెయ్యండి. ఫేను విప్పించండి. మళ్లీ రాకుండా."

ఫేను విప్పించండి. ఆ మాట నీటి మీద తేలి అన్ని బోట్లకీ వినిపించింది. నూకాలు ఈశ్వరి మొహం చూశాడు. ఆమె నవ్వుతోంది. తమ్ముడు పోయాక ఆమె నవ్వగా పేటలో ఎవరూ చూడలేదు. అది మంచి నవ్వు కాదు.

"సూడండ్రోయ్! ఇన్నేల్లు ఓడ సుక్కాని ఇప్పనేని సర్కారు, నూకాలుగాడి సుక్కాని ఇప్పుతాదట! గుద్దినోడిది కాదు, గుద్దించుకున్నోడిది!"

వెనక నుంచి ఇంజన్ల మోత. ఇనస్పెక్టరు తల తిప్పాడు. కొండ మలుపు దాటి పేట బోట్లన్నీ వస్తున్నాయి. రాత్రి జడిసిన సగం పేట. ముందు బోటులో కండువా తలకి చుట్టుకుని, కడ్డీ పట్టుకుని ఎల్లారావు నిలబడి ఉన్నాడు. బోట్లు ఒక దాని పక్కన ఒకటి, ఈ ఒడ్డు రాళ్ల నుంచి ఆ గట్టు దాకా వరస కట్టాయి. ముసలాయన ఇంజను ఆపాడు. ఈశ్వరి వైపు చూడలేదు. ఇనస్పెక్టరు వైపు చూడలేదు. అల దాటి వినిపించే ఆ గొంతుతో ఒక్కటే అరిచాడు.

"లంగర్లెయ్యండ్రా! సుక్కానులు ఇప్పీయండ్రా!"

పేట వాళ్లకి మళ్లీ చెప్పక్కర్లేదు. లంగర్లు దబ్బున పడ్డాయి. పొడుగు కడ్డీలు నీళ్లలోంచి లేచాయి, నీళ్లు కారుతూ. స్పేనర్లు తిరిగాయి. ప్రతి బోటు ఫేనూ ఊడింది. తన చుక్కాని తానే విప్పుకున్నవాడి బోటుని తీర్పు దాకా ఎవడూ ముట్టుకోకూడదు. అది పేట కట్టుబాటు. పోలీసులకి ఆ కట్టుబాటు లేదు, నిజమే. కానీ ఫేన్లు లేని బోట్లు ఎలా కదులుతాయి? ఒక్కొక్కదాన్నీ తాడేసి లాగాలి. సముద్రం అడుగున రాళ్లలో లంగర్లు పట్టేశాయి. ఇనస్పెక్టరు దగ్గర ఉన్నది ఒక్క బోటు.

"ఏయ్, ఏం చేస్తున్నారు మీరు? మళ్లీ బిగించండి! బిగించి పొండి!"

"ఇప్పీమన్నది నువ్వే గదా బాబూ" అన్నాడు ఎల్లారావు. "మాట మీదుండాల."

ఎండ నెత్తికెక్కింది. ఓడ అప్పుడప్పుడూ కూత వేస్తూనే ఉంది. మొదట్లో అది బెదిరింపులా ఉండేది. పోనుపోను ఆకలేసిన దూడ అరుపులా అయింది. బొగ్గు కోసం క్రేన్లు ఖాళీగా నిలబడ్డాయి. వెనక ఇంకో ఓడ వచ్చి నిలిచింది. దాని వెనక ఇంకోటి. ఫోన్లు మోగాయి. సంతృప్తి అన్నవాళ్ల ఫోన్లు కూడా మోగే ఉంటాయి.

చివరికి తెల్లటి లాంచీ ఒకటి వచ్చింది. అందులో ఇస్త్రీ చొక్కా, చలవ కళ్లద్దాలు. ఈ ఓడ పనులు చూసే ఏజెంటు. విశాఖవాడే. లాంచీలోంచి నూకాలు బోటులోకి జాగ్రత్తగా దిగబోయి, బూటు తడిసి, మొహం చిట్లించాడు.

"ఎవరమ్మా లీడరు? నువ్వేనా? చూడు, ఈ కంపెనీకి ఆ పాత కేసుకీ సంబంధం లేదు. అయినా మానవత్వంతో మాట్లాడదామని వచ్చాను. ఏం కావాలో చెప్పండి, రాసుకుంటాను."

"రాసుకోకు. ఇను సాలు. ఈ ఓడ పెద్ద మా పేటకి రావాల. మా రాట కింద నిల్సోవాల. నాను సెప్పింది ఇని, ఔననాల. అప్పుడు నా సేత్తో నానే ఆ కాయితం తీసి ఆడి సేతిలో ఎడతాను. బోట్లు తీసీత్తాం."

"అంతేనా?" అతనికి నమ్మకం కుదరలేదు. "అంతేనా? ఏదో ఒకటి అనేసి రావడమే కదా. ఈ కేప్టెన్ కొత్తవాడు, పాపం ఏమీ తెలీదు. నేనే వస్తాను పదండి, ఔను అనేస్తాను. తేలిపోతుంది."

"నువ్వంతావా?"

"అంటాను. ఏం, అనకూడదా?"

ఈశ్వరి అతని ఎదురుగా బోటు అడ్డపలక మీద కూర్చుంది. పక్క బోట్ల వాళ్లు అంచుల మీదకి వంగారు. ఎల్లారావు కూడా ఇటు తిరిగాడు.

"అయితే ముందు పేరు సెప్పు."

"నా పేరా? నా పేరు..."

"నీది నాకెందుకు? సచ్చినోడిది సెప్పు."

ఏజెంటు లాంచీ వైపు చూశాడు. చేతిలో ఫోను వైపు చూశాడు. అందులో తీర్పంతా ఉంది, ఇంగ్లీషులో, మొదటి నుంచి చివరిదాకా. వేలితో పైకి కిందికి తోశాడు. సంఘటన ఉంది. జెండా ఉంది. సంతృప్తి ఉంది.

"తెల్దా?" అంది ఈశ్వరి. "పోనీ, ఎతుకు. మాకేటి తొందర నేదు. సుక్కానులు ఇప్పీసి కూకున్నాం."

ఓడ మళ్లీ కూత వేసింది. ఎవరూ తల తిప్పలేదు.